సమాచారం సగమే ఉన్నప్పుడు భవనం కూలే ప్రమాదాన్ని అంచనా వేయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

"డ్రాయింగులు దొరకలేదు. కోర్ టెస్టులు మూడింటికే ఒప్పుకున్నారు. పునాది ఎంత లోతుందో ఎవరికీ తెలీదు. బిల్డింగ్ సేఫా కాదా రాసివ్వమంటున్నారు. ఏం రాయాలి?" కొత్తగా పనిలోకి వచ్చిన ఇంజినీర్లు చాలామంది నన్ను ఇదే అడుగుతున్నారు. (కోర్ టెస్టు అంటే కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క తొలిచి తీసి దాని బలం చూడటం.) విడివిడిగా జవాబు చెప్పే బదులు పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇలాంటి భవనం గురించి ఒకే ఒక అంకె రాసి చేతులు దులుపుకోవద్దు. "ఇంత నుంచి ఇంత వరకు" అని పరిధి రాయండి. ఆ పరిధిని చివరి నిర్ణయం దాకా వదలకండి. తర్వాత ఏ టెస్టు చేయించాలో కూడా ఆ పరిధే చెబుతుంది.

మొదటి మూడు అంచెలు భవన యజమానులు, కమిటీ సభ్యులు కూడా చేయగలరు. ఆ తర్వాతవి స్ట్రక్చరల్ ఇంజినీర్ చేతుల మీదుగానే జరగాలి.

## 1. లెక్క కన్నా ముందు: లోపల మనుషులు ఉండొచ్చా?

భవనంలోకి వెళ్లగానే చేయాల్సిన పని ఇది. కింది వాటిలో ఒక్కటి కనిపించినా మిగతా అంచెలన్నీ పక్కన పెట్టండి.

- పిల్లర్ మీద నిలువు పగుళ్లు, కాంక్రీటు నలిగి పెచ్చులూడటం, చువ్వలు బయటికి వంగి కనిపించడం
- బీమ్‌లు లేని స్లాబ్‌లో పిల్లర్ చుట్టూ గుండ్రంగా పగులు
- బీమ్ చివర్ల దగ్గర ఏటవాలు పగులు, అదీ రోజురోజుకీ వెడల్పవుతుండటం
- బాగా తెరుచుకునే తలుపులు, కిటికీలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం
- గోడల్లోంచి, స్లాబ్‌లోంచి పటపట శబ్దాలు

ముందు ఖాళీ చేయించండి, తర్వాత లెక్క చూసుకోవచ్చు. 2013లో బంగ్లాదేశ్‌లోని రానా ప్లాజాలో కూలడానికి ముందు రోజే పగుళ్లు కనిపించాయి. మర్నాడు కార్మికులను మళ్లీ లోపలికి పంపారు. 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడ లెక్క కోసం ఆగాల్సిన అవసరమే లేదు, కళ్లకు కనిపించినదే చాలు.

తాత్కాలికంగా ఊతాలు పెడితే వాటిని కింది అంతస్తు స్లాబ్ మీదే ఆపేయకండి. అంతస్తు తర్వాత అంతస్తు, ఒకే నిలువు వరసలో, నేలదాకా దించండి. లేదంటే పై స్లాబ్ బరువు తీసుకెళ్లి కింది స్లాబ్ మీద పెట్టినట్టే అవుతుంది.

## 2. తెలిసింది, విన్నది, ఊహించింది వేరుచేయండి

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: విషయం, మన దగ్గరున్న విలువ, అది ఎలా తెలిసింది, ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చు.

మూడో గడిలో నాలుగు మాటల్లో ఒకటే రాయాలి: కొలిచాం, కాగితంలో ఉంది, ఎవరో చెప్పారు, ఊహించాం. "కాగితంలో ఉంది" అంటే "కొలిచాం" అని కాదు. డ్రాయింగులో 8 చువ్వలుంటే పిల్లర్‌లో 8 వేశారని రుజువు కాదు కదా.

గడుల్లోకి రావాల్సినవి:

- కట్టిన సంవత్సరం, తర్వాత వేసిన అంతస్తులు, తీసేసిన గోడలు
- పిల్లర్లు, బీమ్‌ల కొలతలు. చువ్వల సంఖ్య, మందం
- కాంక్రీటు బలం
- చువ్వల మీద కాంక్రీటు కవర్ ఎంత, తుప్పు ఎంత
- పునాది రకం, లోతు, కింది మట్టి
- ఇప్పుడున్న వాడకం, కట్టినప్పుడు అనుకున్న వాడకం
- నీటి లీకేజీలు, అగ్నిప్రమాదాలు, పక్కన జరిగిన తవ్వకాలు

ఇక్కడే అనిశ్చితిని రెండు రకాలుగా విడదీయాలి. రాబోయే 50 ఏళ్లలో వచ్చే అతిపెద్ద గాలి ఎంతో ఎవరూ ముందే చెప్పలేరు. అది ప్రకృతిలోనే ఉన్న హెచ్చుతగ్గు, ఎన్ని టెస్టులు చేసినా పోదు. పిల్లర్‌లో చువ్వలెన్నో తెలియకపోవడం అలాంటిది కాదు, వెతికితే తెలుస్తుంది. మొదటి రకానికి పక్కన "స" (సహజం), రెండో రకానికి "తె" (తెలుసుకోవచ్చు) అని గుర్తు పెట్టండి. టెస్టుల ఖర్చంతా "తె" గుర్తున్న వాటి మీదే పెట్టాలి.

## 3. భారాన్ని భవనంలో తిరిగి కొలవండి

అందరూ కాంక్రీటు బలం వెంట పరుగెత్తుతారు, భారాన్ని మాత్రం పుస్తకంలోంచి తీసుకుంటారు. నిజానికి పెద్దగా ఖర్చు లేకుండా పరిధి తగ్గేది భారం దగ్గరే.

టైల్స్ మీద టైల్స్, లీకేజీ ఆపడానికి టెర్రస్ మీద పొర మీద పొర: ఇవి ఏ డ్రాయింగులోనూ ఉండవు. 10 సెం.మీ. అదనపు కాంక్రీటు పొర చదరపు మీటరుకు సుమారు 2.4 కిలోన్యూటన్ల బరువు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోల బరువు). నివాస గదుల్లో మనుషులకు, సామానుకు డిజైన్‌లో తీసుకునే భారం చాలా ప్రమాణాల్లో 2 కిలోన్యూటన్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే ఆ ఒక్క పొరే గదిలోని మొత్తం వాడకం భారాన్ని మించిపోయింది. ఒక ఘనపు మీటరు నీళ్లంటే 1,000 కిలోలు, దాదాపు 10 కిలోన్యూటన్లు. కాబట్టి కొత్తగా పెట్టిన నీళ్ల ట్యాంకులను తప్పకుండా లెక్కలోకి తీసుకోండి.

పొరల మందం తెలుసుకోవడానికి రెండు మూడు చోట్ల చిన్న రంధ్రం వేసి స్కేలు పెడితే చాలు.

## 4. టెస్టులకు ఒక క్రమం ఉంది

ఈ వరసలో వెళ్లండి: కంటితో చూడటం, సుత్తితో తట్టి బోలు శబ్దం వినడం, కవర్ మీటర్ (లోపలి చువ్వలు ఎక్కడున్నాయో పట్టే పరికరం), రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు మీద కొట్టి ఎంత వెనక్కి ఎగిరిందో చూసేది), అల్ట్రాసోనిక్ పల్స్ (కాంక్రీటులో శబ్ద తరంగం వేగం కొలవడం), ఆ తర్వాత కోర్. ముందు చేసిన టెస్టు తర్వాతి టెస్టు ఎక్కడ చేయాలో చూపించాలి. ఎక్కడ తీయాలో తెలియకుండా తీసిన కోర్ వల్ల పిల్లర్‌కు దెబ్బ తప్ప మనకు పెద్దగా తెలిసేది ఉండదు.

ప్రతి టెస్టుకూ తనదైన లోపం ఒకటి ఉంటుంది. అది తెలిస్తేనే పరిధి సరిగ్గా రాయగలం.

రీబౌండ్ హ్యామర్: పైపొర గట్టిదనాన్నే చూస్తుంది. పాత కాంక్రీటు పైపొర గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడుతుంది కాబట్టి ఉన్న బలం కన్నా ఎక్కువ చూపిస్తుంది. బలం అంచనాలో 25 శాతం అటూ ఇటూ తేడా మామూలే. ఏ పిల్లర్ మిగతావాటికన్నా బలహీనంగా ఉందో పట్టుకోవడానికి వాడండి, బలం ఎంతో చెప్పడానికి దీన్నొక్కదాన్నే నమ్మకండి.

అల్ట్రాసోనిక్ పల్స్: తరంగ వేగం సెకనుకు 4.5 కి.మీ. దాటితే కాంక్రీటు బాగా ఒత్తుగా ఉన్నట్టు, 3 కి.మీ. లోపు ఉంటే అనుమానించాల్సినట్టు. తడి కాంక్రీటులోనూ, తరంగం వెళ్లే దారికి సమాంతరంగా చువ్వ ఉన్నప్పుడూ వేగం ఎక్కువగా కనిపిస్తుంది.

కోర్: బలానికి అన్నిటికన్నా నమ్మదగినది. కవర్ మీటర్‌తో చువ్వలు ఎక్కడున్నాయో చూసుకున్నాకే తీయండి. ఇప్పటికే నలిగినట్టున్న పిల్లర్ జోలికి వెళ్లొద్దు.

తుప్పు: చువ్వ విద్యుత్ పొటెన్షియల్‌ను కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినప్పుడు మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే తుప్పు నడుస్తున్న అవకాశం 90 శాతానికి పైగా ఉంది. మైనస్ 200 కన్నా పైన ఉంటే, తుప్పు లేదనడానికి అంతే అవకాశం. మధ్యలో వస్తే ఏమీ తేల్చలేం. అప్పుడు రిపోర్టులో "తేలలేదు" అని రాయాలి, "ఫర్వాలేదు" అని కాదు.

కార్బనేషన్ లోతు (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులో ఎంత లోపలికి చేరిందో): అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లితే బాగున్న భాగం గులాబీ రంగుకు మారుతుంది, చువ్వకు రక్షణ పోయిన భాగం మారదు. ఈ లోతు కాలానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 20 ఏళ్ల భవనంలో 20 మి.మీ. లోపలికి పోయిందనుకుందాం. చువ్వల మీద 30 మి.మీ. కవర్ ఉంటే అక్కడికి చేరడానికి మొత్తం 45 ఏళ్లు పడుతుంది, ఇంకా 25 ఏళ్లు ఉన్నాయి. పనివాళ్ల చేతుల్లో కవర్ 20 మి.మీ.కి తగ్గిపోయిన చోట మాత్రం ఈపాటికే చేరిపోయింది. అందుకే కవర్ సగటు కాదు, తక్కువ ఉన్న చోట్లు వెతకండి.

## 5. కొద్దిపాటి శాంపిళ్లు నిజంగా ఎంత చెబుతాయి?

ఈ అంచెలో దయచేసి నెమ్మదిగా వెళ్లండి. నేను చూసిన తప్పుడు రిపోర్టుల్లో ఎక్కువ వాటికి మూలం ఇక్కడే ఉంది.

మూడు కోర్‌లు తీశారు. 18, 22, 26 మెగాపాస్కల్‌లు (కాంక్రీటు బలాన్ని కొలిచే ప్రమాణం) వచ్చాయి. సగటు 22. చాలామంది ఇక్కడితో ఆపి "కాంక్రీటు బలం 22" అని రాసేస్తారు. అదే లెక్కను గణాంక పద్ధతిలో చేస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది ఇంతే: అసలు సగటు 12 నుంచి 32 మధ్య ఎక్కడో ఉంది. చూస్తే భయం వేసేంత వెడల్పు.

హెచ్చుతగ్గులు అలాగే ఉండి ఆరు కోర్‌లు తీస్తే ఆ పరిధి 18 నుంచి 26కు తగ్గుతుంది. అదనంగా తీసిన మూడు కోర్‌లు పరిధిని సగానికి పైగా కుదించాయి. మరిన్ని కోర్‌లు ఎందుకని ఎవరైనా అడిగితే ఈ లెక్కనే చూపించండి.

ఇంకో ఉచ్చు ఉంది. "పది పిల్లర్లు తెరిచి చూశాం, ఒక్కదానిలోనూ తుప్పు లేదు, కాబట్టి భవనంలో తుప్పు లేదు." ఈ మాట నిలవదు. చాలా పిల్లర్లున్న భవనంలో లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచిన పది బాగున్నా, అదే 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే మొత్తంలో 26 శాతం దాకా తుప్పు పట్టి ఉండొచ్చు. 30 చూసినా 10 శాతం దాకా అవకాశం మిగులుతుంది. వేగంగా లెక్కేయాలంటే మూడును చూసిన సంఖ్యతో భాగించండి, దాదాపు అదే వస్తుంది.

చూడటానికి సులువుగా ఉన్నాయని పార్కింగులోని పిల్లర్లనే తెరవకండి. బాత్రూమ్ పక్కవి, వర్షం తగిలేవి, మట్టిలో దిగినవి కచ్చితంగా ఉండాలి.

ఎక్కువ కోర్‌లకు వీలు కాకపోతే సమాచారం తక్కువైనందుకు జరిమానా వేసుకోండి. యూరోకోడ్ 8 (యూరప్ దేశాల భూకంప నిరోధక నిర్మాణ ప్రమాణం) మూడో భాగం 2005 ప్రతి పాత భవనాలకు ఇదే చేస్తుంది. సమాచారం ఎంత ఉందో బట్టి మూడు స్థాయిలు పెట్టి, మెటీరియల్ సగటు బలాన్ని 1.35, 1.20, 1.00లతో భాగించమంటుంది. తెలిసింది తక్కువైతే 1.35.

## 6. లెక్క: ఒక అంకె కాదు, రెండు చివరలు

ఒక పిల్లర్ తీసుకుందాం. ఆరు కోర్‌లు, చువ్వల కొలతలు చూశాక మోసే బలం సగటున 1,500 కిలోన్యూటన్లు, ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే అంకె) 225. భారం సగటున 900, విచలనం 135.

బీటా అనే భద్రతా సూచికను (ఎంత పెద్దదైతే అంత భద్రం) ఇలా కడతాం: రెండు సగటుల తేడాను, రెండు విచలనాల వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగించాలి. 600ను 262తో భాగిస్తే 2.29. బలం, భారం రెండూ నార్మల్ పంపిణీలో (సగటు చుట్టూ గంట ఆకారంలో) ఉంటాయనుకుంటే, విఫలమయ్యే అవకాశం 100కి సుమారు 1.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మనం ఆగొద్దు. రెండో గడిలో రాసిన సగటులే కచ్చితంగా తెలియవు. బలం సగటు 1,300 నుంచి 1,700, భారం సగటు 850 నుంచి 1,000 మధ్య ఉండొచ్చని మన కాగితమే చెబుతోంది. రెండు చివరలూ వేద్దాం.

- చెడ్డ చివర, బలం 1,300, భారం 1,000: బీటా 1.14, అవకాశం 100కి సుమారు 13
- మంచి చివర, బలం 1,700, భారం 850: బీటా 3.24, అవకాశం 10,000కి సుమారు 6

మన జవాబు ఇదే: 10,000కి 6 నుంచి 100కి 13 వరకు. 200 రెట్ల తేడా. "100కి 1" అని రాసి ఉంటే ఈ తేడా మొత్తం కాగితం మీంచి మాయమైపోయేది.

ఇప్పుడు ఏది తెలుసుకుంటే పరిధి ఎక్కువ తగ్గుతుందో చూడండి. ఒక్కోసారి ఒక్కదాన్నే కదపాలి.

- భారాన్ని 900 దగ్గర ఉంచి బలాన్ని కదిపితే: 1,000కి 1 నుంచి 100కి 6
- బలాన్ని 1,500 దగ్గర ఉంచి భారాన్ని కదిపితే: 1,000కి 7 నుంచి 100కి 3

ఈ పిల్లర్‌లో గందరగోళం ఎక్కువగా బలం వల్లే వస్తోంది. కాబట్టి ఇంకా టెస్టులు చేయాల్సి వస్తే (అది తొమ్మిదో అంచెలో తేలుతుంది) తర్వాతి ఖర్చు కోర్‌లు, చువ్వల తనిఖీ మీద పెట్టాలి. ఇంకో భవనంలో దీనికి తలకిందులుగా రావచ్చు. అందుకే ఈ అంచె చేయకుండా టెస్టులకు ఆర్డర్ ఇవ్వకండి.

స్ప్రెడ్‌షీట్‌లో యాదృచ్ఛిక సంఖ్యలతో వేలసార్లు లెక్క తిప్పే పద్ధతి కూడా బాగుంటుంది. 1,000కి 1 లాంటి చిన్న అవకాశానికి 10,000 సార్లు తిప్పినా పది వైఫల్యాలే దొరుకుతాయి, ఆ జవాబు ఊగుతుంది. లక్ష దాటించండి.

## 7. అంకెలే లేని చోట

పునాది కింది మట్టి, పనితనం నాణ్యత లాంటివాటికి ఒక్కోసారి మాటలే దొరుకుతాయి: "ఓ మాదిరిగా ఉంది", "బాగా దెబ్బతింది". వీటికి ఉత్తుత్తి సగటులు, విచలనాలు పుట్టించకండి.

అనుభవమున్న ముగ్గురు నలుగురిని అడగండి. ఒకరి జవాబు ఇంకొకరు వినకముందే ఒక్కొక్కరి దగ్గర మూడు అంకెలు రాయించుకోండి: కనీసం ఎంత, గరిష్ఠం ఎంత, ఎక్కువగా నమ్మేది ఎంత. అందరినీ ఒకేసారి కూర్చోబెడితే పెద్దవాళ్ల అంకె చుట్టూ మిగతావాళ్ల అంకెలు చేరిపోతాయి.

ఈ మూడు అంకెలతో ఒక త్రిభుజం గీస్తే అదే ఫజీ సంఖ్య. శిఖరం దగ్గర నమ్మకం పూర్తి, రెండు అంచుల దగ్గర సున్నా. సగం ఎత్తులో అడ్డంగా కోస్తే ఒక పరిధి వస్తుంది, అడుగున కోస్తే ఇంకా వెడల్పైన పరిధి వస్తుంది. ఆరో అంచె లెక్కను ఆ పరిధులతో మళ్లీ చేయండి. అంచనాలు ఒకదానికొకటి బాగా దూరంగా వస్తే సగటు తీయకండి, ఎందుకలా వచ్చిందో ఆరా తీయండి. ఒకరు చూసిన తేమ మరక రెండోవారు చూసి ఉండకపోవచ్చు.

## 8. ఒక్క పిల్లర్ నుంచి భవనం మొత్తానికి

రెండు ఆధారాలున్న చోట ఒక్కోదానికి 100కి 1 అవకాశం ఉంటే, రెండూ కలిసి పోయే అవకాశం 10,000కి 1 అని గుణించేస్తుంటారు. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే అది నిజం. ఒకే రోజు, ఒకే ఇసుకతో, ఒకే మేస్త్రీ పోసిన పిల్లర్లు ఒకేలా బలహీనంగా ఉంటాయి. అప్పుడు జవాబు 100కి 1 దగ్గరికే వస్తుంది. రెండు చివరలూ లెక్కేసి రిపోర్టులో రాయండి.

ప్రతి ముఖ్యమైన పిల్లర్‌కూ ఈ ప్రశ్నలు వేసుకోండి:

- ఇది పోతే భారం ఇంకో దారిలో నేలకు చేరగలదా?
- ముందుగా హెచ్చరిస్తుందా? వంగే బీమ్ సాధారణంగా పగిలి, కుంగి చెబుతుంది. నలిగే పిల్లర్, పిల్లర్ గుచ్చుకుపోయే ఫ్లాట్ స్లాబ్ (బీమ్‌లు లేని స్లాబ్) దాదాపు చెప్పకుండానే పోతాయి.
- పోతే ఎంతమంది కింద ఉంటారు?

హెచ్చరిక లేకుండా పోయేవాటికి పరిధిలో చెడ్డ చివరనే నమ్మండి. ఇది నా అభిప్రాయం, దీన్ని మార్చుకునే కారణం నాకింతవరకూ కనిపించలేదు.

## 9. పరిధి చూసి నిర్ణయం

సాధారణ కొత్త భవనాలకు యూరోకోడ్ పెట్టిన లక్ష్యం 50 ఏళ్ల కాలానికి బీటా 3.8, అంటే లక్షకు సుమారు 7. పాత భవనాలకు కొన్ని ప్రమాణాలు కొంత తక్కువను కూడా ఒప్పుకుంటాయి. మీకు వర్తించే లక్ష్యాన్ని ముందే రాసి పెట్టుకోండి, జవాబు వచ్చాక మార్చొద్దు.

చెడ్డ చివర కూడా లక్ష్యాన్ని అందుకుంటే: వాడకం కొనసాగించవచ్చు. పగుళ్ల మీద నిఘా పెట్టండి.

మంచి చివర కూడా అందుకోకపోతే: ఇక టెస్టులతో కాలయాపన వద్దు. ఖాళీ చేయించి, బలపరచడమో తీసేయడమో తేల్చాలి. 3.8నే లక్ష్యంగా పెట్టుకుంటే మన ఉదాహరణలోని పిల్లర్ ఇక్కడికే వస్తుంది. మంచి చివరలోనూ బీటా 3.24 మాత్రమే.

లక్ష్యం మధ్యలో పడితే: ముందు భారం తగ్గించండి, ఊతాలు పెట్టండి, ఆ తర్వాత ఆరో అంచె చూపించిన టెస్టు చేయించండి. టెస్టు ఫలితం వచ్చేదాకా భవనాన్ని మామూలుగా వాడనివ్వడం సరికాదు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

పగులుకు సిమెంటు పూసి, రంగు వేశాక పిలవడం. పూత తీయించండి. పగులు చివర గీత గీసి తేదీ వేయండి. వెడల్పును ఎప్పుడూ ఒకే వేళకు కొలవండి, ఎండకు కూడా పగులు తెరుచుకుని మూసుకుంటుంది.

జాగ్రత్త కోసం ప్రతి అంచెలోనూ కొంత తగ్గించి రాయడం. చివరికి అసలు పరిస్థితి ఏమిటో ఎవరికీ తెలియదు. కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాయండి, జాగ్రత్తను నిర్ణయం దగ్గర ఒక్కసారే చూపించండి.

కాలం చెప్పకుండా బీటా రాయడం. యూరోకోడ్‌లో 50 ఏళ్లకు 3.8, ఒక్క ఏడాదికి 4.7. రెండూ ఒకే భద్రతకు రెండు లెక్కలు. ఏ కాలానికో రాయకపోతే చదివేవారు తప్పుగా పోల్చుకుంటారు. భారం కూడా అదే కాలంలో రాగల గరిష్ఠమే కావాలి.

నచ్చని శాంపిల్‌ను తీసేయడం. 9 మెగాపాస్కల్ వచ్చిన కోర్‌ను "టెస్టు తప్పు" అని పక్కన పెట్టే ముందు దాని పక్కనే ఇంకొకటి తీయండి. అదీ తక్కువే వస్తే బలహీనమైన చోటు దొరికినట్టే.

## 11. రిపోర్టులో తప్పక ఉండాల్సినవి

- నాలుగు గడుల కాగితం, "ఊహించాం" అన్నవి కొట్టొచ్చినట్టు కనిపించేలా
- ప్రతి శాంపిల్ తీసిన చోటు, ఫొటో, తేదీ
- రెండు చివరలూ, వాటి వెనకున్న విలువలు
- చూడలేకపోయిన భాగాల జాబితా
- ఈ అంచనా ఎప్పటిదాకా చెల్లుతుంది
- కొత్త పగులు, పక్కన తవ్వకం, అదనపు ట్యాంకు, గోడ తొలగింపు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద: వీటిలో ఏది జరిగినా అంచనా రద్దయి రెండో అంచె నుంచి మళ్లీ మొదలుపెట్టాలన్న వాక్యం, మొదటి పేజీలోనే